చిన్న ఉప్పునీటి అక్వేరియంలో పాచి, పాచి మేసే జీవాలు: లెక్క కుదుర్చుకునే పద్ధతి

తిరుపతిలో కొత్తగా ఉప్పునీటి ట్యాంక్ పెట్టుకున్నవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "పాచి పట్టేసింది అన్నా, ఎన్ని నత్తలు వేయాలి?" నాలుగేళ్ళ కిందట నేనూ ఇదే అడిగాను. దుకాణంలో డజను వేయమన్నారు. నాది రెండడుగుల ట్యాంక్, పెట్టి మూడు వారాలు కూడా కాలేదు. ఆ పన్నెండు నత్తలూ వారం తిరక్కుండానే అద్దాలన్నీ నున్నగా నాకేశాయి. నెల తిరిగేసరికి తొమ్మిది చచ్చిపోయాయి. చచ్చినవి రాళ్ళ సందుల్లో కుళ్ళి, నీళ్ళలో అమ్మోనియా పెరిగింది. ఆ తర్వాత మొలిచిన పచ్చటి జుట్టులాంటి నాచు ముందు పట్టిన పాచికి నాలుగింతలు. తిండి లేక చచ్చాయి అవి. ఆ తిండి ఎంత ఉందో చూసుకోవాల్సింది నేను.

మాది చిత్తూరు పక్కన పాడి ఉన్న ఇల్లు. మా నాయన ముందు ఆవుల్ని తోలుకొచ్చి, తర్వాత గడ్డి కోసం వెతుక్కున్న రోజు ఒక్కటి కూడా లేదు. గడ్డి ఎంతుందో చూసి, ఎన్ని తలలు మేపగలమో లెక్కేసి, పేడ ఎత్తి దిబ్బకు మోసేవాళ్ళు ఎవరో తేల్చుకున్నాకే సంతకు వెళ్ళేవాడు. ట్యాంక్‌లో కూడా అంతే. గడ్డి ఎంత, మేసే నోళ్ళు ఎన్ని, పేడ ఎక్కడికి పోతోంది. కింద రాసిందంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. నా లెక్కలన్నీ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్‌కు. కొలిస్తే 55 లీటర్లు వస్తుంది గానీ, రాళ్ళు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా అందులో అసలు నీళ్ళు 45 లీటర్లే ఉంటాయి. ఏ లెక్క వేసినా ఆ 45 మీదే వేయండి.

1. ముందు నీళ్ళు

పాచి సమస్యల్లో చాలావరకు నీళ్ళు పోసిన రోజే మొదలవుతాయి. అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు వద్దు. కార్పొరేషన్ కుళాయిలో వచ్చే కళ్యాణి డ్యాం నీళ్ళయినా, తెలుగుగంగ నీళ్ళయినా నేరుగా వద్దు. నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు ఎంతోకొంత ఉండే నీళ్ళు పోస్తే పొలానికి ఎరువు వేసి, గడ్డి ఎందుకు మొలిచిందని అడిగినట్టే.

ఆర్వో నీళ్ళు వాడాలి. అయితే ఇంట్లో తాగే ఆర్వో మిషన్లలో చాలావాటికి టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క) కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం అది కొంత మామూలు నీటిని మళ్ళీ కలుపుతుంది. ఆ కలపడానికి ముందే, నీళ్ళను వడకట్టే మెంబ్రేన్ నుంచి వచ్చే పైపు దగ్గరే నీళ్ళు పట్టుకోవాలి. దానికి మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెసిన్ కార్ట్రిడ్జ్ ఒకటి తగిలిస్తే టీడీఎస్ మీటర్ 0 చూపిస్తుంది. మనకు కావాల్సింది ఆ సున్నా. సున్నా దాటి అంకె పెరగడం మొదలైతే రెసిన్ మార్చే టైమ్ వచ్చినట్టు.

ఇక రాగి. ఈ మధ్య కాపర్ అని రాసి ఉన్న ఆర్వో మిషన్లు చాలా ఇళ్ళలో ఉన్నాయి. మనం తాగడం సంగతి వేరు. నత్తలకు, పీతలకు, రొయ్యలకు రాగి చాలా కొద్ది మోతాదులో కూడా విషమే. కాపర్ మిషన్ నీళ్ళు, రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్ళు, రాగి చెంబుతో పోయడం, ఇవేవీ పనికిరావు. ట్యాంక్ కోసం ఒక ప్లాస్టిక్ బకెట్, ఒక ప్లాస్టిక్ మగ్గు విడిగా పెట్టుకుని, వాటిని ఇంట్లో ఇంకెవరూ ముట్టకుండా చూసుకోండి. చేపల జబ్బులకు అమ్మే మందుల్లో కూడా రాగి ఉన్నవి ఉంటాయి. మందు వేయాలంటే చేపను వేరే తొట్టిలోకి తీసి వేయాలి గానీ నత్తలున్న ట్యాంక్‌లో కాదు.

2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకు సముద్రతీరం కూడా వచ్చింది కాబట్టి, తూపిలిపాలెం పోయి రెండు క్యాన్లు పట్టుకొస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. నేను వద్దంటాను. ఒడ్డున నీళ్ళలో వాగులు, కాలువలు కలుస్తాయి. వానలు పడితే ఉప్పు పలచబడుతుంది. చుట్టుపక్కల చెరువుల నుంచి ఏం కలిసిందో మన టెస్ట్ కిట్లు చెప్పలేవు. పులికాట్ నీళ్ళయితే అసలే సగం ఉప్పు, సగం మంచినీళ్ళు. అక్వేరియం కోసం అమ్మే సాల్ట్ మిక్స్ కొనుక్కోవడమే మేలు. వంట ఉప్పు, రాళ్ళ ఉప్పు వేయకూడదు. వాటిలో మెగ్నీషియం, కాల్షియం, కార్బొనేట్లు సముద్రంలో ఉన్న పాళ్ళలో ఉండవు. లీటరుకు 35 నుంచి 40 గ్రాముల మధ్య, బ్రాండును బట్టి ప్యాకెట్ మీద ఉన్నట్టు కలిపి, చిన్న పంపుతో రాత్రంతా తిప్పి, పొద్దున ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు), అంటే 1.026 స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్ళతో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో) దగ్గర ఉండాలి.

2. మన ఎండలు

ఈ జీవాలకు 25 నుంచి 27 డిగ్రీల నీళ్ళు హాయిగా ఉంటాయి. గంగమ్మ జాతర రోజుల్లో మన ఇళ్ళలో గాలే 35 దాటుతుంది. నీళ్ళు వేడెక్కితే అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. జీవాలకేమో అప్పుడే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. వేడి నీళ్ళలో అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. తిరుపతిలో నత్తలు ఎక్కువగా చచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. అందుకే ఆ రెండు నెలల్లో కొత్త జీవిని ఒక్కదాన్ని కూడా తేవొద్దని చెబుతాను.

నీటి ఉపరితలానికి వాలుగా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. నీళ్ళు ఆవిరవడం వల్ల వచ్చే చల్లదనం అది. గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నాల్లో బాగా పనిచేస్తుంది, అక్టోబర్ నుంచి వానల్లో గాలి తడిగా ఉన్నప్పుడు అంతగా చేయదు. కానీ ఆ ఆవిరికి ఒక లెక్క ఉంది. పోయేది నీళ్ళు మాత్రమే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. 45 లీటర్లలో రోజుకు ఒకటిన్నర లీటరు ఆవిరైతే 35 పీపీటీ కాస్తా 36 దాటుతుంది. మూడు రోజులు పట్టించుకోకపోతే 39కి చేరుతుంది. చేప తట్టుకుంటుందేమో గానీ నత్త తట్టుకోవడం కష్టం. అద్దం మీద నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ గీత వరకు ఉప్పు లేని ఆర్వో నీళ్ళు పోయండి. తగ్గిన చోట ఉప్పునీళ్ళు పోయడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. అలా పోస్తే ఉప్పు ఇంకా పెరుగుతుంది.

కరెంటు పోతే గాలి పంపు ఆగకూడదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో తప్పనిసరిగా ఉండాలి.

3. ఏం మొలుస్తోందో గుర్తుపట్టడం

అందరూ పాచి అని ఒకే మాట అంటారు. దాని కింద ఆరేడు రకాలున్నాయి. వాటిలో సగం ఏ నత్తా ముట్టదు. రకం తెలియకుండా జీవిని కొనడం దండగ.

కొత్త ట్యాంక్‌లో మొదట వచ్చేది గోధుమరంగు దుమ్ము. ఇసుక మీద, రాళ్ళ మీద కాఫీపొడి చల్లినట్టు పరుచుకుంటుంది, వేలితో రుద్దితే పొడిలా లేచిపోతుంది. ఇవి డయాటమ్‌లు. సిలికేటు తిని పెరుగుతాయి. రెండు మూడు వారాలు ఉండి, సిలికేటు అయిపోయాక వాటంతట అవే తగ్గుతాయి. చాలామంది భయపడి నత్తలు తెచ్చేది ఈ దశలోనే. నేను చేసిన తప్పూ ఇదే. రెండు మూడు వారాల్లో వాడిపోయే గడ్డిని చూసి మందను తోలుకురాకూడదు.

తర్వాత అద్దం మీద పలచటి పచ్చపొర వస్తుంది. ఇది మంచి లక్షణం. నత్తల అసలు మేత ఇదే. ఇది క్రమంగా, వారం తర్వాత వారం వస్తూ ఉంటేనే నత్తలను తేవడానికి ట్యాంక్ సిద్ధమైనట్టు.

పచ్చటి జుట్టులా రాళ్ళ మీద వేలాడేది హెయిర్ ఆల్గే. పొట్టిగా, అర సెంటీమీటరు లోపు ఉన్నప్పుడు నత్తలు మేస్తాయి. రెండు మూడు సెంటీమీటర్లు పెరిగిందంటే చిన్న నత్తలకు నోరు పట్టదు, పక్కనుంచి వెళ్ళిపోతాయి. అప్పుడు ముందు మీ చేత్తో పీకాలి, మిగిలిన మొదళ్ళను నత్తలకు వదలాలి. పీకడం ఎగ్గొట్టి నత్తల సంఖ్య పెంచితే డబ్బులు దండగ, ప్రాణాలు దండగ.

ఆకుపచ్చ గాజుపూసల్లా రాళ్ళకు అంటుకునేది బబుల్ ఆల్గే. రాయిని బయటకు తీసి, పూస పగలకుండా మొదలుతో సహా గీకి తీయండి. పగిలితే లోపలున్నది నీళ్ళలో కలవకుండా ఉండాలనే రాయిని బయటకు తీయమంటున్నాను.

ఎర్రటి, ఒక్కోసారి ముదురుపచ్చ, జారుడు పొర ఇసుక మీద దుప్పటిలా కప్పి, లాగితే ముక్కలు ముక్కలుగా లేచి వస్తే అది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. నత్తలు దాని జోలికి పోవు. నీటి కదలిక తక్కువగా ఉన్న మూలల్లో వస్తుంది. చిన్న పైపుతో పీల్చి తీసేయండి, పంపు దిశ మార్చండి, మేత తగ్గించండి.

ఇక అన్నిటికన్నా మోసకారి ఒకటుంది. గోధుమరంగులో చీమిడిలా తీగలు తీగలుగా, లోపల చిన్న బుడగలు పట్టుకుని, పగలు పెరిగి రాత్రి లైటు ఆపాక తగ్గిపోతుంటే అవి డైనోఫ్లాజెల్లేట్లు. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో తరచు ఇవి వస్తాయి. వీటిలో కొన్ని రకాలు విషం ఉన్నవి, తిన్న నత్త చచ్చిపోతుంది. ఇవి కనిపించినప్పుడు నత్తలు వేయడమంటే వాటికి విషం పెట్టడమే. నీళ్ళను అతిగా శుభ్రం చేయడం ఆపి, మేత కాస్త పెంచి, నైట్రేటు, ఫాస్ఫేటు మళ్ళీ కొద్దిగా కనిపించేలా చేయడమే మొదటి వైద్యం.

ఊదా, గులాబీ రంగుల్లో రాయికి రంగు వేసినట్టు గట్టిగా పట్టేది కోరలైన్ ఆల్గే. దాన్ని గీకకండి. అది పరుచుకున్న చోట జుట్టు నాచుకు వేళ్ళూనడానికి జాగా ఉండదు.

4. జీవాలకన్నా ముందు మేత తగ్గించండి

ట్యాంక్ పెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు అమ్మోనియా, నైట్రైటు సున్నాకు వచ్చేదాకా ఏ జీవినీ వేయకండి. ఇది అందరూ చెప్పేదే, కానీ నాలుగో వారంలో ఓపిక పోతుంది. పోనివ్వకండి.

లైటు రోజుకు 7, 8 గంటలు చాలు. టైమర్ పెట్టండి. పొద్దున ఎండ పడే తూర్పు కిటికీ పక్కన ట్యాంక్ ఉంటే ఎన్ని నత్తలు వేసినా లాభం లేదు, ట్యాంక్ జరపండి లేదా మందపాటి కర్టెన్ వేయండి.

చేపలకు రోజుకు ఒకసారి, నిమిషంలో తినేసేంత. ఈ ట్యాంక్‌కు ఒక జత చిన్న క్లౌన్ చేపలకు మించి వద్దు. ఫ్రోజెన్ మేత అయితే కరిగించి, ఆ కరిగిన నీళ్ళు పారబోసి, మేత మాత్రమే వేయండి. ఇంటికి వచ్చిన చుట్టాలు, పిల్లలు ప్రేమతో వేసే పిడికెళ్ళే మా ట్యాంక్‌లో ఫాస్ఫేటుకు మొదటి కారణం. డబ్బా అందకుండా అలమరలో పెట్టాకే తగ్గింది.

నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళో), ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలబెట్టండి. సున్నా మన గురి కాదు. సున్నా అంటే గడ్డి మొలవని బీడు, అందులో నత్త బతకదు. ఫాస్ఫేటు ఒకసారి పెరిగితే రాళ్ళు దాన్ని పీల్చుకుని, తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతాయి. అందుకే ఒక్క వారం శుభ్రం చేసి ఫలితం లేదని నిరాశపడకండి.

5. గడ్డి కొలవడం

ఇది నా సొంత పద్ధతి. దీనికి కిట్ అక్కర్లేదు. ఆదివారం నాడు ముందువైపు అద్దాన్ని పాత ఏటీఎం కార్డు అంచుతో పూర్తిగా గీకేయండి. ఇసుక దగ్గర జాగ్రత్త, ఒక్క రేణువు కార్డు కింద ఇరుక్కున్నా అద్దం మీద గీత పడుతుంది. తర్వాత రోజూ ఒకే టైమ్‌కు చూసి, వేలితో రాస్తే గీత కనపడేంత పచ్చపొర ఎన్నో రోజుకు వచ్చిందో పుస్తకంలో రాసుకోండి. మూడు వారాలు ఇలా చేయండి.

ఒక్క రోజులోనే పొర వస్తుంటే నీళ్ళలో ఎరువు ఎక్కువ, పైన 4వ భాగంలో చెప్పినవి మళ్ళీ చేయండి. నత్తలతో ఇది తీరదు. మూడు నాలుగు రోజులకు వస్తుంటే రెండు చిన్న నత్తలకు మేత ఉన్నట్టు. వారమైనా అద్దం తెల్లగానే ఉంటే ఇంకా తేవొద్దు. నత్తలు వచ్చాక కూడా వెనక అద్దం, ఒక పక్క అద్దం గీకకుండా వదిలేయండి. అది వాటి మేత బీడు. మన కంటికి అందంగా లేకపోవచ్చు గానీ వాటి కడుపు అక్కడే నిండుతుంది.

6. ఏ జీవిని తేవాలి

మన పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు కూడా దాటదు. ఉన్న కొద్ది మేతతో సరిపెట్టుకుని పాలిస్తుంది, అందుకే చిన్న కమతం ఉన్నవాడి ఇంట్లో నిలిచింది. 45 లీటర్ల నీళ్ళకు కూడా అలాంటి జీవాలే కావాలి.

నా మొదటి ఎంపిక ట్రోకస్ నత్త, అదీ ట్రోకస్ రేడియేటస్ లాంటి చిన్న రకాలు. గోపురంలాంటి చిప్ప, అద్దం, రాయి రెండూ మేస్తుంది. దాని గొప్పతనం ఏమిటంటే వెల్లకిలా పడినా తనంతట తాను తిరగగలదు. ఆస్ట్రేయా నత్త మేత బాగానే మేస్తుంది కానీ ఇసుకలో వెల్లకిలా పడితే లేవలేక, అలాగే చచ్చిపోతుంది. పగలంతా ఆఫీసులో ఉండే మనలాంటివాళ్ళకు ఆస్ట్రేయా సరిపడదు.

రెండోది సెరిత్. సన్నగా, మొన తేలి ఉంటుంది. రాత్రిపూట తిరుగుతుంది, ఇసుక పైపొర, రాళ్ళ అడుగు, అద్దం కింది అంచు దీని పొలం. ట్రోకస్ వెళ్ళని చోట్లకు ఇది వెళుతుంది కాబట్టి ఇద్దరికీ పోటీ తక్కువ.

టర్బో నత్త జుట్టు నాచును బాగా మేస్తుంది, నిజమే. కానీ పిడికిలిలో సగం ఉంటుంది, పేర్చిన రాళ్ళను తోసేస్తుంది, దాని తిండికి మన ట్యాంక్ రెండు వారాలు కూడా చాలదు. నెరైట్ నత్త నీళ్ళ పైకి పాకే అలవాటున్నది, మూత లేకపోతే పొద్దున నేల మీద దొరుకుతుంది. నాసారియస్‌ను పాచి తింటుందని చెప్పి అమ్ముతారు. అది పాచి ముట్టదు, మిగిలిపోయిన మాంసం మేత తింటుంది. ఇసుక కదిపే పనికి ఒకటి ఉంటే మంచిదే, లెక్కలో మాత్రం దాన్ని మేసే నోరుగా చూడకండి.

సన్యాసి పీతలంటే (ఖాళీ నత్త చిప్పలో కాపురం ఉండే హెర్మిట్ క్రాబ్‌లు) పిల్లలకు ఇష్టం. నాచు కొద్దిగా తింటాయి, మిగిలిన మేతా ఏరుకుంటాయి. కానీ కొత్త చిప్ప కోసం బతికున్న నత్తను చంపుతాయి. తప్పదంటే ఒక్కటే, అదీ దానికన్నా కాస్త పెద్దవి మూడు నాలుగు ఖాళీ చిప్పలు ఇసుకలో ఉంచాకే.

లాన్‌మోవర్ బ్లెన్నీ చేప, సీ హేర్ (బయటికి చిప్ప కనిపించని సముద్రపు నత్త), సీ అర్చిన్ (ముళ్ళబంతిలాంటి జీవి), టాంగ్ చేపలు, ఈ నాలుగూ నాచు మేయడంలో పేరున్నవే. నాలుగూ ఈ ట్యాంక్‌కు వద్దు. సీ హేర్ వారంలో జుట్టు నాచునంతా తినేసి, తర్వాత ఆకలితో చస్తుంది. బెదిరితే ఊదారంగు సిరా కక్కుతుంది. బ్లెన్నీకి వంద లీటర్లకు పైగా కావాలి, పాచి అయిపోతే పొట్ట లోపలికి పీక్కుపోయి కళ్ళముందే చిక్కిపోతుంది. టాంగ్‌లకు ఈదడానికి నాలుగడుగుల ట్యాంక్ కూడా ఇరుకే.

చట్టం కూడా తెలుసుకోండి. సముద్రపు దోసకాయలు, రాతి పగడాలు, సముద్ర గుర్రాలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవాలు. ఇసుక శుభ్రం చేస్తుందని ఎవరైనా సముద్రపు దోసకాయ చూపిస్తే కొనకండి. నత్తల్లో కూడా పెద్ద జాతి ట్రోకస్ నిలోటికస్ లాంటివి రక్షిత జాబితాలోకి వచ్చాయి. తీరానికి వెళ్ళినప్పుడు మీరే ఏరి తేవడం కూడా వద్దు.

సంఖ్య చెప్పమంటే ఇలా చెబుతాను. మొదట రెండు ట్రోకస్‌లు. మూడు వారాలు ఆగండి. పొర ఇంకా నాలుగు రోజుల్లోపే వస్తుంటే రెండు సెరిత్‌లు. మళ్ళీ మూడు వారాలు ఆగండి. నా ట్యాంక్ ఇప్పుడు రెండు ట్రోకస్‌లు, మూడు సెరిత్‌ల దగ్గర నిలిచింది, ఏడాదిన్నరగా ఒక్కటీ చావలేదు.

7. ఇంటికి తెచ్చి నీళ్ళలో దించడం

మనలో చాలామంది చెన్నై కొళత్తూరు దుకాణాల నుంచి తెచ్చుకుంటాం. మూడు నాలుగు గంటల ప్రయాణం. థర్మాకోల్ పెట్టె తీసుకెళ్ళండి, జీవాలతో తిరుగు ప్రయాణం ఎండ తగ్గాక ఉండేలా చూసుకోండి. కొనేటప్పుడు నత్తను అద్దం మీంచి మెల్లగా లాగి చూడండి, గట్టిగా పట్టుకుని ఉండాలి. అడుగున కదలకుండా పడి ఉన్నదాన్ని తగ్గింపు ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దు.

కొన్ని దుకాణాల్లో ఉప్పు తక్కువ పెడతారు. సంచి నీళ్ళను రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే 1.020 దగ్గర ఉండొచ్చు, మీ ట్యాంక్‌లో 1.026. నత్తను నేరుగా దించితే ఆ తేడాకే చచ్చిపోవచ్చు. సంచిని ట్యాంక్‌లో పావుగంట తేలనివ్వండి. తర్వాత నత్తలను, సంచి నీళ్ళను చిన్న బకెట్‌లో పోసి, ఎయిర్ పంపు సన్నపైపుకు ముడి వేసి, ట్యాంక్ నీళ్ళు సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా పెట్టండి. బకెట్‌లో నీళ్ళు మూడింతలయ్యాక సగం పారబోసి, మళ్ళీ చుక్కలు పడనివ్వండి. రెండు వైపులా ఉప్పు ఒకటయ్యేదాకా, గంటన్నర, రెండు గంటలు పడుతుంది. బకెట్ నీళ్ళు ట్యాంక్‌లో పోయకండి, దుకాణం నీళ్ళలో రాగి మందు ఉండొచ్చు. నత్తను చేత్తో తీసి, పాదం కిందికి ఉండేలా రాయి మీద పెట్టి, ఆ రాత్రికి లైటు ఆపేయండి.

8. పేడ ఎత్తడం

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి ఇదే, ఎవరూ సరిగ్గా చెప్పనిదీ ఇదే. నత్త పాచిని తిన్నంత మాత్రాన ఆ పాచిలోని నైట్రోజన్, ఫాస్ఫరస్ ట్యాంక్ నుంచి పోవు. కొద్ది భాగం నత్త ఒంట్లో చేరుతుంది, మిగతాదంతా రెట్టగా, అమ్మోనియాగా మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. దాన్ని తిని మళ్ళీ పాచి మొలుస్తుంది. పశువు మేసిన పొలంలోనే పేడ వేసినట్టు. పేడను దొడ్డి దాటించాల్సింది మనమే.

దాటించడానికి మూడు దారులున్నాయి. ఒకటి, వారానికి 10 శాతం నీళ్ళు మార్చడం, అంటే 4.5 లీటర్లు. నీళ్ళు తీసేటప్పుడు పైపు మొనను ఇసుక మీద, రాళ్ళ సందుల్లో ఆడించి, రెట్ట, మురికి పీల్చేయండి. అయితే దీని శక్తి ఎంతో తెలుసుకోండి. నైట్రేటు 20 ఉంటే ఒక్కసారి 10 శాతం మారిస్తే 18కి వస్తుంది, అంతే. వారంలో మళ్ళీ చేరేది అంతకన్నా ఎక్కువైతే మీరు ఓడిపోతున్నట్టు.

రెండోది చేత్తో పీకడం. జుట్టు నాచును పాత టూత్‌బ్రష్‌కు చుట్టి లాగి బయట పారేసిన ప్రతి ముద్దా, నీళ్ళలోంచి శాశ్వతంగా పోయిన ఎరువే. నీళ్ళు మార్చే రోజే పీకండి, విడిపోయిన పోగుల్ని పైపుతో లాగేయొచ్చు.

మూడోది నాకు బాగా నచ్చిన దారి. కీటోమార్ఫా అనే నాచును విడిగా పెంచడం. చిక్కుపడ్డ పచ్చటి నైలాన్ దారం ఉండలా ఉంటుంది. వెనక తగిలించే ఫిల్టర్ డబ్బాలో ఒక గుప్పెడు వేసి, చిన్న ఎల్ఈడీ లైటు పెట్టి, ట్యాంక్ లైటు ఆగాక రాత్రి ఇది వెలిగేలా టైమర్ పెట్టండి. రాత్రి పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) పడిపోవడం కూడా దీనివల్ల కాస్త తగ్గుతుంది. డబ్బా నిండగానే సగం తీసి పారేయండి. మనం ఒక చోట కావాలని పెంచే గడ్డి ఇది. ఇది తినేసిన ఎరువు రాళ్ళ మీద జుట్టు నాచుకు దొరకదు. మా ట్యాంక్‌లో రాళ్ళ మీద జుట్టు తగ్గడం మొదలైంది ఇది పెట్టిన రెండో నెల నుంచే.

9. రోజూ చూడాల్సినవి

రాత్రి లైటు ఆపిన అరగంటకు టార్చితో ఐదు నిమిషాలు చూడండి. నత్తలు అప్పుడే బాగా తిరుగుతాయి. లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ రాత్రే వెతకండి, ఎందుకంటే 45 లీటర్లలో ఒక్క చచ్చిన నత్త అమ్మోనియాను పైకి లేపగలదు. కదలని నత్తను తీసి వాసన చూడండి. చచ్చినదైతే ఆ కంపుకు అనుమానమే మిగలదు. వాసన లేకపోతే ట్యాంక్‌లోనే పాదం కిందికి పెట్టి పొద్దున దాకా చూడండి.

నీళ్ళ పైఅంచుకు చేరి అక్కడే ఉండిపోవడం, అద్దం మీంచి తరచు జారి పడటం, తాకితే చిప్ప మూత మూసుకోవడంలో ఆలస్యం, ఇవి కనిపిస్తే ముందు ఉప్పు కొలవండి, తర్వాత వేడి, ఆ తర్వాత అమ్మోనియా.

దోమల స్ప్రే ట్యాంక్ ఉన్న గదిలో కొట్టకండి. అందులోని మందు రొయ్యలను, పీతలను, చేపలను తేలిగ్గా చంపుతుంది. వీధిలో ఫాగింగ్ బండి వచ్చిన రోజు కిటికీలు మూసి, ట్యాంక్ మీద తడిగుడ్డ కప్పి, గదిలో గాలి లాక్కునే ఎయిర్ పంపును ఆ కాసేపు ఆపండి.

10. లెక్క తప్పినప్పుడు

పాచి పెరిగిపోతుంటే వరుస ఇది: చేత్తో పీకడం, మేత సగం చేయడం, లైటు గంట తగ్గించడం, నీళ్ళు మార్చడం. మూడు వారాలు ఇలా చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఒక నత్త. అన్నీ ఒకేరోజు చేస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు, ట్యాంక్‌కు కూడా ఆ కుదుపు మంచిది కాదు.

పాచి పూర్తిగా పోయి అద్దాలన్నీ మెరుస్తుంటే చుట్టాలు మెచ్చుకుంటారు గానీ, మీరు జాగ్రత్తపడాల్సింది అప్పుడే. నత్తలకు తిండి లేదు. ఉప్పు, మసాలా కలపని నోరి షీట్, అదే సుషీ చుట్టే ఎండు సముద్రపు నాచు, బొటనవేలి గోరంత ముక్క రబ్బరు బ్యాండుతో చిన్న రాయికి కట్టి రాత్రి నత్త పక్కన పెట్టండి. పొద్దున మిగిలింది తీసేయండి. వారానికి రెండుసార్లు చాలు. నెల దాటినా పాచి తిరిగి రాకపోతే ఒక నత్తను ట్యాంక్ ఉన్న స్నేహితుడికి ఇచ్చేయండి. మా బైరాగిపట్టెడలో మేం ముగ్గురం ఇలా ఇచ్చిపుచ్చుకుంటాం, ఎవరి ట్యాంక్‌లో గడ్డి ఎక్కువైతే నత్త కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉంటుంది.

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్ళాలంటే చేపలకు మేత పెట్టమని ఎవరికీ చెప్పకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగు రోజులు తినకపోయినా ఏమీ కాదు, నత్తలకు వెనక అద్దం ఉంది. పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చేటప్పుడు ఆర్వో నీళ్ళ క్యాన్ ట్యాంక్ పక్కనే పెట్టి, అద్దం మీద గీత చూపించి, రోజూ పొద్దున ఆ గీత వరకు ఈ క్యాన్ నీళ్ళే పోయమనండి. ఇంకే నీళ్ళూ పోయొద్దని, మేత వేయొద్దని కాగితం మీద రాసి ట్యాంక్‌కు అంటించి వెళ్ళండి.